ఊఁ కొట్టని పరీక్ష

నమోదు 61
గాలి: దక్షిణం నుంచి, మెత్తగా. సముద్రం: బుద్ధిగా ఉంది. ఇంజిన్: దగ్గుతోంది. సరంగు: ఒళ్లు మండిపోతోంది.

ఈ పడవ చిట్టాలో గాలి, నూనె, తాళ్ల సంగతులు తప్ప సొంత గోడు రాయకూడదని రేవు కార్యాలయం వారి నిబంధన. నేను రాస్తాను. ఇన్నేళ్లుగా రోజూ రాసి పంపుతున్నానా, అటు నుంచి ఒక్కనాడైనా ‘అందింది’ అన్న ముక్క లేదు. ఏదో యంత్రం చదువుతుందట. చదివేది యంత్రమే అయినప్పుడు నా గోడు దానికేం బరువు?

నా పేరు నూకరత్నం. తెప్పలపాలేనికి లాగుపడవ సరంగుని. తెప్పలపాలెం నేలమీది ఊరు కాదు. ఆ నేల మా పెద్దల కాలంలోనే సముద్రం పాలైంది. ఇప్పుడు పీపాల మీద ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య తాళ్లు, తాళ్ల మీద ఆరేసిన చీరలు, చేపలు. తుఫాను నెలలు రాకముందే ఊరు ఊరంతటినీ కొండ చాటు రేవులోకి లాక్కెళ్లడం, గాలులు తగ్గాక మళ్లీ చేపలున్న చోటికి లాక్కురావడం నా పని.

ఈ ఏడు కొత్త నిబంధన దిగింది. పెద్ద ఓడల దారి దాటించే సరంగులందరికీ ఇంగ్లీషు వచ్చి తీరాలట. దీనికంతటికీ మూలం చెవిగింజ. అందరి చెవుల్లోనూ ఉండే ఆ గింజ ఏ భాష వినపడినా తెలుగు చేసి పెడుతుంది, మన మాటను అవతలివాడికి వాడి భాషలో వినిపిస్తుంది. దాని పుణ్యమా అని రెండు తరాలుగా ఎవరూ పరాయి భాష నేర్చుకున్న పాపాన పోలేదు. కానీ ఉరుములొస్తే గింజకు పిచ్చెక్కుతుంది. నిరుడు మెరుపుల్లో ఓడ కెప్టెన్ ఎవరో పక్కకు తప్పుకోమని అరిస్తే, గింజ నా చెవిలో వంకాయ కూర ఉడికిందని చెప్పింది. కళ్లతో చూసి తిప్పాను గనుక బతికాం.

సర్టిఫికెట్ ఉన్న సరంగు లేని ఊళ్లను ఇకపై ఎక్కడో దూరంగా కూర్చున్న యంత్రం లాగుతుంది. పోయిన ఏడాది పీపాలపేటను అదే లాగింది. బరువెక్కువైందని ఊరిని నడిమికి కోసి, ఒక సగాన్ని ఉత్తరానికీ ఇంకో సగాన్ని దక్షిణానికీ చేర్చింది. పెళ్లికొడుకు ఒక ముక్కలో, పెళ్లికూతురు ఇంకో ముక్కలో. పురోహితుడు ఎటు పోయాడో ఇప్పటికీ తెలియదు.

నా ఊరిని అలా కోయనివ్వను. అందుకే ఈ వయసులో ఇంగ్లీషు పరీక్షకు కూర్చుంటున్నాను. తుఫాను కాలం లోపు మూడు అవకాశాలు ఇచ్చారు.

నమోదు 66
గాలి: అలాగే. తాళ్లు: రెండు మార్చాం. నాలుక: వాచిపోయింది.

ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన మనిషి ఒక్కతే. మా అత్త అప్పలనరసమ్మ. చెవిగింజలు పుట్టకముందు, నేల ఉన్న రోజుల్లో, ఆవిడ పట్నంలో కాల్ సెంటర్లో పనిచేసింది. అక్కడ ఆవిడ పేరు నాన్సీ. ఎక్కడో దేశాల వాళ్లు బట్టలుతికే యంత్రం ఆగిపోయిందని ఏడిస్తే ఈవిడ ఇక్కడినుంచి ఓదార్చేదట.

“బాగు సెయ్యడం ఎవలికీ రాదే,” అంటుంది అత్త. “ఆలు గోడు సెప్పుకుంటే మనం ఊఁ కొట్టాల. ఐ సీ, ఐ అండర్‌స్టాండ్ అనాల. ఊఁ కొట్టినందుకే నాకు జీతమిచ్చీవోరు.”

అందుకని నాకు వచ్చిన ఇంగ్లీషు కూడా ఆ బాపతే. ఎవరు పలకరించినా “థాంక్యూ ఫర్ కాలింగ్” అనేస్తున్నాను. నిన్న ఊరిపెద్ద దానయ్య మామ ఎదురొస్తే, మీకు నేనెలా సాయపడగలనని ఇంగ్లీషులో అడిగాను. ఆయన చెవిగింజ అది తెలుగు చేసి చెప్పగానే, సంతోషించి తన ఇంటి పీపాలకు నాచు గోకమన్నాడు. గోకాను, ఏం చేస్తాను!

నమోదు 70
గాలి: ఎవరిక్కావాలి? మొదటి పరీక్ష: పోయింది.

ఇంట్లోనే, తెర ముందు పరీక్ష. చెవిగింజ తీసేసి తెరకు చూపించాలి. గది నాలుగు మూలలూ చూపించాలి. బల్ల కింద చూపించాలి. గదిలోకి ఇంకో మనిషి గొంతు వినపడితే పరీక్ష రద్దు.

చదవడం గట్టెక్కింది. వినడం గట్టెక్కింది. రాయడం ఎలాగో ఈడ్చుకొచ్చాను. ఇక మాట్లాడడం. తెరమీదికి ఒక ముఖం వచ్చింది. మనిషి ముఖం కాదు, మనుషుల్ని చూసి గీసిన ముఖం. చక్కగా నవ్వుతూ, మీరు వండే ఒక వంట గురించి రెండు నిమిషాలు మాట్లాడండి అంది.

వంటేగా! హుషారుగా మొదలుపెట్టాను. “మొదట చేపను కడుగుతాను,” అన్నాను ఇంగ్లీషులో. అని ఆగాను.

ముఖం నవ్వుతోంది. ఊఁ అనలేదు.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. మాకు సగం కాలం పొగమంచు. ఎదురుగా కూర్చున్న మనిషి కనపడడు. మాట చెబుతుంటే అవతలినుంచి ఊఁ వినపడిందా, మనిషి ఉన్నాడు. వినపడలేదా, నీళ్లలో పడ్డాడు. ఇక్కడ పుట్టినవాళ్లకు పాలు తాగే వయసునుంచి, కోడలిగా వచ్చిన నాకు పెళ్లినాటినుంచి ఇదే అలవాటు. ఒక ముక్క చెప్పడం, ఊఁ వినడం, ఇంకో ముక్క చెప్పడం. ఊఁ లేకుండా రెండో ముక్క నోటి వెంట రాదు, రమ్మన్నా రాదు.

వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను. చేపను కడుగుతాను. ముఖం నవ్వింది. గట్టిగా చెప్పాను. కంగారు పుట్టింది. ఈ ముఖం గలావిడ ఎక్కడైనా జారిపడిందేమోనని బల్ల కిందికి వంగి చూశాను.

ఫలితం వెంటనే వచ్చింది. అభ్యర్థికి ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం వచ్చట. అది చేప కడగడం గురించట. దాన్నే అరిచి అరిచి చెప్పి, మధ్యలో సాయం కోసం బల్ల కింద ఎవరినో వెతికిందట.

అత్తకు చదివి వినిపిస్తే ముక్కున వేలేసుకుంది. “ఓలమ్మ! ఊఁ అననేదా? అలాటి మనిసికి ఉజ్జోగం ఎవలిచ్చినారే?”

నమోదు 73
గాలి: తూర్పు. ఊళ్లో నష్టం: ఒక తలుపు, ఒక తెప్ప, నా పరువు.

ఊఁ లేకుండా మాట్లాడడం సాధన చేద్దామని నా మొగుడు ఎల్లాజీని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నేను ఏం చెప్పినా ఊఁ అనొద్దు మావా, నవ్వుతూ చూస్తూ ఉండు చాలు అన్నాను. పాపం, ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

వలల గురించి మొదలుపెట్టాను. ఒక ముక్క చెప్పాను. ఊఁ లేదు. రెండోది బలవంతాన చెప్పాను. ఊఁ లేదు. మూడో ముక్కకు నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా మొగుడు కనపడుతూనే ఉన్నాడు, అయినా పోయినవాడితో మాట్లాడుతున్నట్టే ఉంది. గొంతు పెంచాను.

మా గోడలు తాటాకు. పక్కింటి లచ్చయ్యమ్మ వదిన చెవులు అంతకన్నా పలచన. నా గొంతు ఒక్కటే వినపడుతోంది, ఊఁ వినపడడం లేదు. ఇంకేముంది!

“ఓలమ్మో! ఎల్లాజీ పడిపోనాడ్రో! బేగి రండ్రో!” అని గావుకేక పెట్టింది.

గంట మోగింది. ముగ్గురు నీళ్లలోకి దూకారు. దానయ్య మామ గెడ పట్టుకుని మా తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చాడు. ఎల్లాజీ కుర్చీలో కూర్చుని నవ్వుతూ చూస్తున్నాడు. నేను ఊఁ అనొద్దన్నానని, ఊరంతా మీదపడినా నోరు విప్పలేదు మహానుభావుడు.

“ఒరే, ఉన్నావేటి?” అన్నాడు దానయ్య మామ. ఎల్లాజీ నా వైపు చూశాడు.

“అనొచ్చు మావా,” అన్నాను.

“ఊఁ,” అన్నాడు ఎల్లాజీ.

నీళ్లలో దూకిన ముగ్గురికీ నేనే టీ కాచిచ్చాను. వాళ్లు దూకినప్పుడు పక్కనున్న తెప్ప తిరగబడిందని ఆ తిట్లు వేరే తిన్నాను.

నమోదు 78
గాలి: పశ్చిమం, విసుగ్గా. రెండో పరీక్ష: అది కూడా పోయింది. ఈసారి తప్పు నాది కాదు.

ఈసారి మాట్లాడడం ఒక్కటే మళ్లీ. తడిక అవతల అత్త మాత్రం ఉంది. నోరెత్తనని సముద్రం మీద ఒట్టేసింది.

ముఖం వచ్చింది. మీకు ఎదురైన ఒక ఇబ్బంది గురించి చెప్పండి అంది. ఇబ్బందులకేం కొదవ! కళ్లు మూసుకుని, ఊఁ వచ్చిందనే అనుకుని చెప్పుకుపోదామని నిశ్చయించాను. నా ఇంజిన్ ముసలిదయిందన్నాను. ఆగాను. ఊఁ వచ్చిందనుకున్నాను. నడిసముద్రంలో ఆగిపోతుందన్నాను. ఆగాను.

తడిక అవతలినుంచి తేనెలాంటి గొంతు వినిపించింది. “ఐ అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్.”

గదిలో మరో మనిషి ఉన్నారు, దయచేసి బయటికి వెళ్లండి అంది ముఖం.

అత్తకు అన్నేళ్ల ఉద్యోగం ఒక్కసారిగా పూనింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నానంది. ముఖం మళ్లీ వెళ్లమంది. కాసేపు లైన్లో ఉండమంది అత్త. పరీక్ష రద్దు చేస్తున్నాను అంది ముఖం. అయితే మా సూపర్‌వైజర్‌కు కలుపుతాను అంది అత్త. అని నాకేసి తడిక సందులోంచి చెయ్యి ఊపింది, సూపర్‌వైజర్ నేనే అన్నట్టు.

తెర నల్లబడిపోయింది.

“ఏటి సేసినావు అత్తా!” అని నెత్తి బాదుకున్నాను.

“నువ్వలా గోడు సెప్పుకుంటంటే ఊఁ అనకుండా ఎలాగే?” అంది అత్త, కళ్లనీళ్లు పెట్టుకుని. “నా పానం ఒప్పనేదు.”

ఇంకేమంటాను! ఆవిడ నిజంగానే ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకరికొకరం ఊఁ కొట్టుకుంటూ ఏడ్చాం. ఇంక ఒకే ఒక్క అవకాశం ఉంది. రేవు కార్యాలయం నుంచి యంత్రం లాగుడుకు కొలతలు తీసుకోవడానికి మరపడవ ఒకటి ఇప్పటికే వచ్చి, మా ఊరి నడిమిన ఎర్ర రంగు గీత గీసి పోయింది. ఆ గీత సరిగ్గా మా ఇంటికీ లచ్చయ్యమ్మ వదిన ఇంటికీ మధ్యనున్న నడక చెక్కల మీదుగా పోతోంది. వదిన దాన్ని చీపురు పెట్టి తోముతూనే ఉంది. పోవడం లేదు.

నమోదు 81
గాలి: నైరుతి, బలపడుతోంది. ఇంజిన్: దానికో దండం.

మంచినీళ్ల పీపాలు తేవడానికి పడవ తీశాను. అత్త కూడా ఎక్కింది. దారిలో నాలో నేనే ఇంగ్లీషులో గొణుక్కుంటున్నాను. నీళ్ల గురించి, గీత గురించి, ఆ నవ్వే ముఖాన్ని ఏం చెయ్యాలనుందో దాని గురించి. అత్త నన్నే వింతగా చూస్తోంది.

“ఏటే, ఇక్కడ ఆగకుండా మాటాడేస్తన్నావు?”

నేను కూడా అప్పుడే గమనించాను. నిజమే, ఎక్కడా ఆగలేదు. అత్త చెవి ఇంజిన్ వైపు పెట్టి కాసేపు వింది. నా ఇంజిన్‌ను అందరూ ముసలోడంటారు. నాచు నూనెతో నడుస్తాడు. ఒక్కో దెబ్బకూ ఆగి, ఆలోచించి, ‘ఊఁక్’ మంటాడు.

“ఈడు నాకంటే బాగా ఊఁ కొడతన్నాడే!” అంది అత్త.

ఇన్నేళ్లుగా నేను వీడితోనే మాట్లాడుతున్నానన్నమాట. మొగుడి మీద కోపాలు, అత్త మీద చాడీలు అన్నీ వీడికే చెప్పాను. వీడు అన్నింటికీ ఊఁ కొట్టాడు. నిబంధనల్లో మనిషి గొంతు వినపడకూడదనే ఉంది. ఇంజిన్ గురించి ఒక్క ముక్క లేదు.

నమోదు 84
గాలి: మబ్బులు లేస్తున్నాయి. మూడో పరీక్ష.

తెరను పడవ గదిలోకి మార్చాం. పడవను ఊరికి కట్టే ఉంచాల్సి వచ్చింది, తెరకు తీగ ఊరి స్తంభం నుంచే వస్తుంది మరి. అందుకని ఊరంతా నోరు మూసుకోవాలని దానయ్య మామ చాటింపు వేయించాడు.

నోట్లో నువ్వుగింజ నానని ఊరు మాది. అయినా పూనుకున్నారు. పిల్లల నోళ్లలో పళ్లకు అతుక్కునే పాకం ఉండలు పెట్టారు. కోళ్లను గంపల కింద మూశారు. లచ్చయ్యమ్మ వదినకూ ఎదురింటావిడకూ పొద్దున్న మొదలైన తగువు ఒకటి మిగిలిపోతే, దాన్ని చేతులతో ఆడుకున్నారు. అత్త తనను తాను నమ్మలేక, బుగ్గ పగిలేంత తమలపాకుల చుట్ట నోట్లో కుక్కుకుని, ఎల్లాజీ చేత తెప్ప మీద దూరంగా తోయించుకుంది.

ముసలోణ్ణి నడిపించి, గింజ తీసి చూపించాను. నాలుగు మూలలూ చూపించాను. ఎవరది అంది ముఖం. ఇంజిన్ అన్నాను. కాసేపు విని, మనిషి కాదని తేల్చుకుని, సరేనంది.

మీకు ధైర్యం చెప్పిన ఒక మనిషి గురించి మాట్లాడండి అంది.

మా అత్త గురించి మొదలుపెట్టాను. ఊఁక్ అన్నాడు ముసలోడు. నేను నేలమీద పుట్టినదాన్ని, కొండ మీద మిగిలిన ఊరి పిల్లనన్నాను. ఊఁక్. పెళ్లయి తెప్పలపాలెం వచ్చిన మర్నాడే మంచు దిగిందన్నాను. ఊఁక్. నా చెయ్యి నాకే కనపడలేదని, కాళ్ల కింద ఊరు కదులుతోందని, వణికిపోయానన్నాను. అప్పుడు మంచులోంచి ఒక గొంతు, మీ ఊరి కబుర్లు చెప్పు, నేను వింటుంటాను అందన్నాను.

ముసలోడు దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. ఆగిపోయాడు.

నిశ్శబ్దం. తరవాతి ముక్క రాలేదు. తెరమీద అంకెలు తగ్గిపోతున్నాయి. ముఖం నవ్వుతోంది. ఎర్ర గీత కళ్లముందు కనపడింది. అయిపోయింది, కోసేస్తారు అనుకున్నాను.

ఆ క్షణాన ఏమైందో గానీ, నా నోటి వెంట నా గొంతుతోనే వచ్చేసింది.

“ఊఁ.”

అది విని నేనే ఉలిక్కిపడ్డాను. మరుక్షణం రెండో ముక్క దానంతటదే బయటపడింది. మంచు విడేదాకా కబుర్లు చెప్పానన్నాను. ఊఁ, అన్నాను. ఆవిడకు నా మాటల్లో సగం అక్కర్లేనివే అయ్యుంటాయన్నాను. ఐ సీ, అన్నాను. అయినా ఒక్క ముక్కకు కూడా ఊఁ మానలేదన్నాను. ఐ అండర్‌స్టాండ్, అన్నాను, అచ్చం నాన్సీలాగే. గదిలో ఇంకో మనిషి ఉన్నారా అంది ముఖం. లేరు, ఇద్దరూ నేనే అన్నాను. అది నా గొంతును కొలుచుకుని ఊరుకుంది. ఆ రోజునుంచి నాకు సముద్రమంటే భయం లేదని చెప్పి, ఆఖరి ఊఁ కూడా నేనే కొట్టుకున్నాను. సమయం అయిపోయింది.

బయటికొచ్చాను. ఊరంతా పీపాల అంచుల మీద నిలబడి ఉంది. ఎవరికీ నోరు తెరిచే ధైర్యం లేదు. తెప్ప మీద అత్త బుగ్గ ఉబ్బించుకుని గుడ్లప్పగించి చూస్తోంది.

“అయిపోయింది,” అన్నాను.

“ఊఁ!” అంది ఊరు మొత్తం, ఒక్కసారిగా. పీపాలు కదిలాయి. గంపల కింద కోళ్లు లేచాయి. అత్త తమలపాకుల చుట్ట సముద్రంలో పడింది.

నమోదు 85
ఫలితం: పాసు.

కింద ఒక వాక్యం రాశారు. అభ్యర్థి ఒంటరిగా ఉండి కూడా సంభాషణలో ఉన్నట్టు మాట్లాడిందట, ఇది ఏ దేశపు పద్ధతో గుర్తించలేకపోయారట. అత్త ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి గోడకు పెట్టుకుంది.

నమోదు 92
గాలి: దుమ్ము లేపింది. ఊరు: రేవులో ఉంది. ఎన్ని ముక్కలు: ఒక్కటే.

ఎల్లాజీ గొట్టాలన్నీ నోటితో ఊది ముసలోణ్ణి లేపాడు. నల్లటి మబ్బు కింద ఊరిని లాక్కుంటూ ఓడల దారి దాటాం. నడిదారిలో ఉరిమింది. అందరి చెవుల్లోనూ గింజలు వంటకాల పేర్లు చదవడం మొదలుపెట్టాయి. గింజ పీకి అవతల పారేసి, రేడియో అందుకున్నాను.

నా వెనక ఒక ఊరు ఉంది, అన్నాను ఇంగ్లీషులో. ఆగాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

“రోజర్,” అంది పెద్ద ఓడ, విన్నామన్నట్టు.

నా తాళ్లు పొడవు, మీరు ఉత్తరానికి తొలగండి, అన్నాను.

“రోజర్,” అంది ఓడ. తొలగింది.

నేను ఒక్కో ముక్కా చెప్పడం, అది రోజర్ అనడం. గొంతులో తడి ఆరకుండా చెప్పుకుపోయాను. పక్కన తాడు పట్టుకుని కూర్చున్న అత్త అంతా వింది.

“మరి ఈలూ ఊఁ కొడతన్నారు కదే!” అంది మండిపడుతూ. “సముద్రం మీద ఊఁ నేకపోతే ఈలకీ గడవదు. మరా పరీచ్చలో ఎందుకు కొట్టరట?”

ఇప్పుడు కొండ చాటున ఉన్నాం. లచ్చయ్యమ్మ వదిన ఇంకా ఎర్ర గీతను తోముతోంది. ఎదురింటావిడ ఆ పక్కనుంచి తోముతోంది. తోముతూనే తగువాడుకుంటున్నారు, ఈసారి నోళ్లతోనే.

రేవు కార్యాలయం వారికి, ఇంత ఓపిగ్గా రాశాను, చివరిదాకా చదివారు కదా? చదివితే ఒక్క ఊఁ అనండి. లేకపోతే మీరు నీళ్లలో పడ్డారనుకుని మా వాళ్లు దూకేస్తారు.